పంచాయతీ యెన్నికలు: వోటరు స్వాతంత్ర్యము

గ్రామమున స్వపరిపాలనము నెలకొన్నదో లేదో తెలిసికొనుటకు శాసనసభలలోని ప్రసంగములను వినవలసిన పనిలేదు. ఎన్నికనాటి యుదయమున ఊరిబడిలో నేర్పరచిన పోలింగు స్టేషను వాకిట నిలిచి చూచిన చాలును. కూలికి పోవలసిన స్త్రీ ఆనాటి పని మాని వరుసలో నిలుచును. లోపలి ఉద్యోగి జాబితాలో ఆమె పేరు చదువును. వ్రేలికి సిరా పూయును. సర్పంచికొకటి, వార్డు సభ్యునికొకటి, రెండు బాలెట్ పత్రములు చేతికిచ్చును. ఆమె మరుగునకు పోయి, ముద్ర వేసి, మడచి, పెట్టెలో వేసి వెలికి వచ్చును. ఆ రెండు నిమిషములు కూలి యిచ్చు ఆసామికిగాని, అప్పిచ్చిన షావుకారుకుగాని, కులపెద్దకుగాని ఆమెపై నధికారము లేదు. ఎన్నికల నిబంధన లన్నియు ఈ రెండు నిమిషములను కాపాడుటకే పుట్టినవి. అవి వానిని కాపాడుచున్నవా యనునదే మేము చదువరుల ముందుంచదలచిన ప్రశ్న.

ఈ హక్కు ఊరక లభించినది కాదు. 1882 సంవత్సరమున లార్డు రిప్పన్ స్థానిక స్వపరిపాలనమును గూర్చి తీర్మానము ప్రకటించెను. 1884 లో చెన్నరాజధానియందు లోకల్ బోర్డుల చట్టము వచ్చెను. ఐనను చిరకాలము బోర్డులపై పెత్తనము దొరతనమువారి ఉద్యోగులదే. వోటు పన్ను చెల్లించు కొలదిమందిదే. ప్రజల సమ్మతి లేక పెట్టిన పురపాలక సంఘము ప్రజల సంఘము కాజాలదని 1921 లో చీరాల పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు వాకిళ్ళు విడిచి, ఊరి వెలుపల పాకలలో కాపురముండి లోకమునకు చాటిరి. స్వతంత్ర భారత రాజ్యాంగము 40 వ అధికరణమున గ్రామ పంచాయతీలను ఆదేశక సూత్రముగా మాత్రమే చేర్చినది. ఆ సూత్రము శాసనమగుటకు నలువది సంవత్సరములకు పైగా పట్టినది. 73 వ రాజ్యాంగ సవరణము 1993 ఏప్రిలు 24 వ తేదీనుండి అమలులోనికి వచ్చి, పంచాయతీకి ఐదేండ్ల కాలమును, ఆ కాలము ముగియకమునుపే ఎన్నిక పూర్తికావలెనను విధిని, ఎన్నికల జాబితాలను తయారుచేసి ఎన్నికలు జరుపుటకు ప్రత్యేకముగా రాష్ట్ర ఎన్నికల సంఘమును నిర్ణయించినది.

ఇంతటి రక్షణ యున్నను గ్రామస్థుని యెదుట పోలింగు స్టేషను తలుపు మూయుటకు మూడు మార్గములు మిగిలియే యున్నవి. మొదటిది కాలయాపన. రెండవది డబ్బుతో కొన్న యేకగ్రీవము. మూడవది రహస్యము చెడిన వోటు. ఒక్కొక్కదానిని విచారింతము.

కాలయాపనను గూర్చి తేదీలే సాక్ష్యము చెప్పుచున్నవి. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2006 లో ఎన్నికైన పంచాయతీల గడువు 2011 లో తీరినది. ఎన్నికలు జరిగినది 2013 జూలైలో. ఆ పంచాయతీల గడువు 2018 లో ముగియగా, ఆంధ్రప్రదేశమున మరల ఎన్నికలు జరిగినది 2021 ఫిబ్రవరిలో. తెలంగాణమున 2019 జనవరిలో ఎన్నికైన వారి గడువు 2024 ఆరంభమున ముగిసినది. ఎన్నికలు 2025 డిసెంబరు 11, 14, 17 తేదీలలో మూడు విడతలుగా జరిగినవి. ఏ పక్షము ప్రభుత్వమున నున్నను ఫలము ఒక్కటే. ఈ మధ్యకాలములలో గ్రామములను ఏలినది ప్రత్యేకాధికారులు. వారిలో దక్షులుండవచ్చును; సత్పురుషులుండవచ్చును. కాని వీధిదీపము వెలుగలేదని వారిని నిలదీయుటకు గ్రామస్థునికి వోటు లేదు. ఎన్నికైన పాలకవర్గము లేని పంచాయతీలకు కేంద్ర ఆర్థికసంఘపు నిధులు నిలిచిపోవుట మరియొక నష్టము. ఎన్నిక జరుపనిది ప్రభుత్వము. శిక్ష యనుభవించునది గ్రామము!

ప్రతి యాలస్యమునకును ఒక కారణము చెప్పబడును. అందు కొన్ని న్యాయమైనవే. 2020 మార్చి 15 వ తేదీన ఆంధ్రప్రదేశ ఎన్నికల సంఘము కోవిడ్ వ్యాధిని పురస్కరించుకొని ఎన్నికలను వాయిదా వేసినది. పిమ్మట జరిగినది మాత్రము వ్యాధికి సంబంధించినది కాదు. ఏప్రిలులో ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి ఎన్నికల కమిషనరు పదవీకాలమును ఐదేండ్లనుండి మూడేండ్లకు తగ్గించినది. దానితో నాటి కమిషనరు పదవి పోయినది. మే 29 వ తేదీన హైకోర్టు ఆ ఆర్డినెన్సును కొట్టివేసినది. మరల ఎన్నికలు ప్రకటింపబడినప్పుడు వానిని నిలుపుడని సుప్రీముకోర్టువరకు పోయిరి. 2021 జనవరి 25 వ తేదీన ఆ కోర్టు జోక్యమునకు నిరాకరించిన పిమ్మటనే ఎన్నికలు సాగినవి. ఆ యేప్రిలు 8 వ తేదీన మండల, జిల్లా పరిషత్తులకు పోలింగు జరిగినది. పోలింగునకు ముందు నాలుగు వారములు ప్రవర్తన నియమావళి అమలులో నుండలేదను వివాదముపై ఆ యెన్నిక రద్దగుటయు, అప్పీలులో నిలుచుటయు జరిగి, వోట్లు లెక్కింపబడినది సెప్టెంబరు 19 వ తేదీన. ఐదు నెలలకు పైగా ప్రజల తీర్పు పెట్టెలలో బందీయై పడియుండెను.

వెనుకబడిన తరగతుల రిజర్వేషను విషయమును అట్టిదే. ఆ తరగతులకు స్థానిక సంస్థలలో తగు పాలు రావలెననుటలో మాకు సందేహము లేదు. కాని అందుకు ప్రత్యేక విచారణ సంఘము, లెక్కలు, ఆధారములు కావలెనని 2010 లోనే సుప్రీముకోర్టు రాజ్యాంగధర్మాసనము చెప్పియుండెను. ఐదేండ్ల గడువులో ఆ పని చేయక, గడువు తీరిన పిమ్మట మేల్కొనుట ఎవరికి మేలు? తెలంగాణమున 42 శాతము నిర్ణయించు ఉత్తరువు 2025 సెప్టెంబరులో వెలువడగా, అక్టోబరులో హైకోర్టు నిలిపివేసినది. తుదకు ఎన్నికలు పాత పరిమితికి లోబడియే జరిగినవి. ఆలస్యమును కలిగినది; ఆశించిన పాలును లభింపలేదు.

రెండవ మార్గము ఏకగ్రీవము. ఒక స్థానమునకు ఒక్కరే అభ్యర్థిగా మిగిలినచో పోలింగు లేకయే ఎన్నికైనట్లు ప్రకటించుట చట్టసమ్మతమే. ఊరివారు కలసికట్టుగా ఒకరిని ఎన్నుకొన్న కక్షలు తగ్గును, వ్యయము తగ్గును అను వాదమును మేము తేలికగా త్రోసివేయము. ముఠాతగాదాలతో తలలు పగిలిన గ్రామములు మన దేశమున లేకపోలేదు. సర్వోదయ నాయకులు ఏకాభిప్రాయమును కోరినది సద్బుద్ధితోనే. కాని మా యాక్షేపణ మనసులు కలసిన యేకగ్రీవముపై కాదు; ధర కట్టిన యేకగ్రీవముపై. గుజరాతు 2001 లో సమరస్ పేరిట ఇట్టి పంచాయతీలకు బహుమతుల నేర్పరచినది. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2021 ఎన్నికలకు ముందు రెండువేల లోపు జనాభా గల గ్రామమునకు 5 లక్షలు, ఐదువేల వరకు 10 లక్షలు, పదివేల వరకు 15 లక్షలు, ఆపైన 20 లక్షల రూపాయలు ఇత్తుమని ప్రకటించినది. ఆ ఫిబ్రవరి తొలివిడతలో 3,249 పంచాయతీలకుగాను 525 చోట్ల సర్పంచి పదవులు ఏకగ్రీవములైనవి. పార్టీ గుర్తులతో జరుగు మండల పరిషత్తు ప్రాదేశిక స్థానములు 10,047 లో 2,371 స్థానములును, జిల్లా పరిషత్తు ప్రాదేశిక స్థానములు 660 లో 126 స్థానములును పోటీ లేకయే ముగిసినవి.

ఇందెన్ని మనఃపూర్వకములో, ఎన్ని భయమువలన గాని ధనమువలన గాని కలిగినవో సంఖ్యలు చెప్పవు. చెప్పజాలకపోవుటయే యిందలి దోషము. కాదనుటకు రహస్యముగా నవకాశము లేనిచోట ఔననుటకు విలువ యేమి? పదవిని వేలము వేసి, గుడికో రోడ్డుకో డబ్బిచ్చినవానికి కట్టబెట్టు ఆచారము ఎన్నికల సమయముల వినబడుచునే యున్నది. ప్రభుత్వమే ఏకగ్రీవమునకు వెల ప్రకటించినప్పుడు ఆ వేలమును తప్పుపట్టుటకు దానికి నోరెట్లు వచ్చును? నామినేషను వేయబోవు పేదవానిని “ఊరికి రాబోవు లక్షలను చెడగొట్టువాడ” వని నిందించుటకు ఈ బహుమతి ఒక ఆయుధమగుచున్నది. రిజర్వు స్థానములలో ఈ యొత్తిడి మరింత బలముగా తగులును. పొరుగున తమిళనాడు మధుర జిల్లాయందు పాప్పాపట్టి, కీరిప్పట్టి మొదలగు గ్రామములలో దళితులకు కేటాయించిన అధ్యక్షపదవికి పది సంవత్సరములు ఎన్నిక జరుగనీయలేదు. 2006 లో ప్రభుత్వము పట్టుదల వహించిన పిమ్మటనే జరిగినది. ఊరంతయు ఏకమైనదన్న మాటకు ఎట్టి యర్థముండగలదో ఆ యూళ్లు చెప్పుచున్నవి.

మూడవది రహస్యము. దీనిని గూర్చి చర్చ తక్కువ. కీడు మాత్రము తక్కువది కాదు. ఆంధ్రప్రదేశమున మూడు వందల జనాభా గల చిన్న పంచాయతీకి ఐదు వార్డులు. ఐదు వందల వరకు ఏడు. పదునైదు వందల వరకు తొమ్మిది. చదువరులే లెక్క వేయుడు. మూడు వందల మంది గల ఊర వార్డుకు అరువదిమంది. అందు వోటర్లు నలువది యేబదికి మించరు. ఆ వార్డు ఒక వీధి. అనేక చోట్ల ఒకే కులమువారి పేట. పోలింగు జరిగిన దినముననే, ఆ యూరిలోనే, వార్డు సభ్యుని వోట్లు లెక్కింపబడును. ఎవరికి వోటు వేయుదుమని పెద్దలకు మాట యిచ్చినవా రెందరో, వేసినవా రెందరో నాటి సాయంకాలమునకే తేలిపోవును. తెరచాటున రహస్యము నిలిచినను లెక్కింపు బల్లపై నది బయటపడును. మరునాటినుండి కూలి మాన్పించుటకు, పింఛను కాగితముపై సంతకము నిరాకరించుటకు ఈ జ్ఞానము చాలును.

ఈ ప్రమాదము మేము క్రొత్తగా కనిపెట్టినది కాదు. శాసనసభ, లోకసభ ఎన్నికల నిబంధనలలో 59-ఎ అను నియమము వోటర్లకు బెదిరింపు కలుగునను భయమున్నచోట పలు పోలింగు స్టేషనుల బాలెట్ పత్రములను కలిపి లెక్కించుట కవకాశమిచ్చినది. ఓటింగు యంత్రములు వచ్చిన పిమ్మట, పలు యంత్రముల మొత్తమును ఒక్కసారిగా చూపు సాధనమును 2008 లో కేంద్ర ఎన్నికల సంఘము ప్రతిపాదించినది. 2015 లో లా కమిషను దానిని సమర్థించినది. వేయి వోటర్ల పోలింగు స్టేషనుకే రహస్యము చెడునని ఇంత చింత యుండగా, నలువదిమంది వార్డును గూర్చి ఎంత చింత యుండవలెను!

కావున మేము కోరునవి కొన్ని గలవు. పంచాయతీ గడువు తీరుటకు కనీస మొక సంవత్సరము ముందే రిజర్వేషను విచారణ, వార్డుల విభజన, జాబితాల ప్రకటనము ముగియవలెనని చట్టముననే తేదీలు వ్రాయవలెను. గడువు మీరి ఎన్నిక జరుపరాదని 2006 లో అహమ్మదాబాదు నగర సంస్థ వ్యాజ్యమున సుప్రీముకోర్టు స్పష్టముగా చెప్పినది. మరల మరల కోర్టుకు పోయి చెప్పించుకొనుట ప్రభుత్వములకు గౌరవము కాదు. ఎన్నికల కమిషనరు నియామకము ఏకపక్షముగాక, ప్రతిపక్షమునకును పాలుగల సంఘముచే జరుగవలెను. ప్రభుత్వోద్యోగికి ఈ పదవిని అదనపు బాధ్యతగా నప్పగింపరాదని 2021 మార్చిలో గోవా వ్యాజ్యమున తీర్పు వచ్చినది. తీర్పు యొక్క అక్షరమునే కాక యాశయమునుగూడ పాటింపవలెను.

ఏకగ్రీవమునకు బహుమతి నిధులు పూర్తిగా మానవలెను. పోటీ జరిగిన యూరికిని, జరుగని యూరికిని రోడ్డు, నీరు, బడి సమానముగ నవసరములే. నామినేషను ఉపసంహరించువాడు స్వయముగా అధికారి యెదుటికి వచ్చి, ఇతరులు లేనిచోట తన సమ్మతిని తెలుపవలెను. ఒక్కరే మిగిలినచోట సైతము ఎవరును వలదను వోటున కవకాశ ముంచు విషయమును ఆలోచింపవచ్చును. 2018 లో మహారాష్ట్ర, హర్యానా ఎన్నికల సంఘములు తమ స్థానిక ఎన్నికలలో అట్టి వోట్లు అభ్యర్థులందరికంటె మించినచో మరల ఎన్నిక జరుపవలెనని నిర్ణయించినవి. మనము అంతకంటె వెనుకబడుట కారణము కానరాదు.

సర్పంచి వోట్లను అన్ని వార్డులవియు కలిపిన పిమ్మటనే లెక్కింపవలెనను నియమమును, ఉన్నచోట అక్షరాల పాటింపవలెను, లేనిచోట చేర్పవలెను. మిక్కిలి చిన్న వార్డులను రెండు మూడింటిని జతపరచి ఒకే నియోజకవర్గముగా చేయుటను పరిశీలింపవలెను. పోలింగు స్టేషనును సర్వజనులు సంకోచము లేక ప్రవేశింపగల ప్రభుత్వ భవనముననే నిలుపవలెను. ఏ పెద్దవాని వాకిలి దాటియో పోవలసిన చోట కాదు.

ఇవి స్వల్పవిషయములని కొందరు నవ్వవచ్చును. తెర ఎంత యెత్తుండవలె, పెట్టె యెక్కడ నుంచవలె, పత్రములను ఎట్లు కలుపవలె యను మాటలు రాజకీయ సభలలో చప్పట్లు తేవు. కాని స్వాతంత్ర్యము పెద్ద మాటలచేత వచ్చినను చిన్న నిబంధనలచేతనే నిలుచును. ఆంధ్రప్రదేశమున 2021 లో ఎన్నికైన పంచాయతీల ఐదేండ్ల కాలము 2026 తో ముగియునని గోడపై పంచాంగము చూడనేర్చిన ప్రతివానికి తెలియును. ఆ లెక్క ఐదేండ్లకొక పర్యాయము తప్పక వచ్చుచునే యుండును. ఏ కోర్టు ఆజ్ఞయు లేక, ఏ సాకును లేక, గడువులోపల బడి తలుపులు తెరచి, వరుసలో నిలిచిన కూలిస్త్రీకి ఆమె రెండు నిమిషములను భద్రముగా నప్పగించిన ప్రభుత్వమే స్వరాజ్య ప్రభుత్వమనిపించుకొనును. ప్రజలును బహుమతికి, బెదిరింపునకు లొంగక ఆ రెండు నిమిషములను తమ సొత్తుగా నిలుపుకొందురని మేము విశ్వసించుచున్నాము.