ఆజ్ఞలు రెండు, విన్నవారెవరు?

ఇటీవల మన సర్వసభ్య సమావేశములో ఒక పెద్దలు లేచి, కరోనా నాడు మనవారు ప్రభుత్వము చెప్పిన మాట వినలేదనియు, వినియుంటే అంత ముప్పు వచ్చెడిది కాదనియు సెలవిచ్చిరి. సభలో పలువురు తలలూపిరి. మేము మినిట్సు పుస్తకము ముందు పెట్టుకొని కూర్చున్నవారమగుటచే అప్పుడు మారు పలుకలేదు. ఆ రాత్రి ఇంటికి వచ్చి, ఆ మాటను పుస్తకములో ఎక్కింపబోయినప్పుడు మాత్రము కలము సాగలేదు. ఎందువలన సాగలేదో సోదర సభ్యులకు విన్నవించుకొనుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా చేనేత సహకార సంఘము కరీంనగరము వైపుది. గుంటమగ్గము విడిచి బొంబాయి బాట పట్టిన సభ్యుల పేర్లు మా పాత రిజిస్టరులో ఎర్రసిరాతో కొట్టివేసి యున్నవి. వారిలో చాలామంది చేరినది భివండీ. పద్మనగరము, కామత్‌ఘర్ పేటలలో తెలుగు తప్ప మరొక మాట వినబడని సందులున్నవి. నిజాంపురా పాతబస్తీ, ఆ పట్టణపు కార్పొరేషను పేరే భివండీ నిజాంపూర్. పొదుపు నిధి కాగితముల మీద పాత సభ్యుల సంతకముల కొరకై 2020 మార్చి రెండవ వారమున అక్కడకు పోయి, నిజాంపురాలో మా మేనత్త కొడుకు ఖోలీలో దిగితిమి. వారము రోజుల పని అనుకొన్నాము. రెండు నెలలు దాటిన పిమ్మట గాని తిరిగి రాలేదు.

ఖోలీ సంగతి తెలియని వారికి చెప్పవలసి యున్నది. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు గది. దానికి అద్దె ఇచ్చువారు పన్నెండుమంది. ఇంతమంది ఎట్లు పట్టుదురని మేమును మొదట ఆశ్చర్యపడితిమి. సాంచాల పని పన్నెండు గంటల పాళీ. పగటిపాళీ వారు సాంచాల వద్ద నున్నప్పుడు రాత్రిపాళీ వారు పండుకొందురు. వీరు లేచి పోగానే వారు వచ్చి అదే చాప మీద ఒరుగుదురు. పన్నెండుమందికి ఆరు చాపలు. సాంచాలు నడచుచున్నంత కాలము ఆ గదిలో ఆరుగురి కంటె ఎక్కువమంది ఒక్కమారుగా ఉండరు.

మార్చి 22 ఆదివారమున జనతా కర్ఫ్యూ. ఆ మరునాడు రాష్ట్రములో నిషేధాజ్ఞలు, 25వ తేదీ నుండి దేశమంతట 21 దినముల లాక్‌డౌను. సాంచాలు ఆగినవి. మనుష్యులు దూర దూరముగా ఉండవలెనని చేసిన ఆజ్ఞ వలన ఆరుగురుండిన గదిలో పన్నెండుగురమైతిమి, మాతో కలిపి పదమూడుగురము. మంచి ఉద్దేశముతో చేసిన ఆజ్ఞయే. మా బావ గడపలో నిలబడి అన్న మాట ఇప్పటికిని చెవిలో నున్నది: "తలుపు వేసుకొని ఉండుమంటున్నరు, ఉంటం బావా. గాని పదమూడు మందిమి ఒక్క తలుపు ఎనుక ఎట్ల ఉండాలె?"

కనుక సాయంత్రమగునప్పటికి సందులోనికి వచ్చెడివారు. గాలి కొరకు కొందరు, నీళ్ళ కొరకు కొందరు, ఊరకయే కొందరు. సందు మొగలో లాఠీ కనబడగానే లోపలికి ఉరికెడివారు, పోయిన అరగంటకు మరల బయటికి. పేకాట ఆడినవారు లేకపోలేదు. మాస్కు గడ్డము క్రిందికి దించి బీడీ కాల్చినవారిని మేమే కోప్పడితిమి. వారిని సమర్థించుట మా ఉద్దేశము కాదు. ఆ సందును చూచి "వీరు వినరు" అని పోవువారు ఆ గదిని చూడలేదనుటయే మా మాట.

ఇక తిండి. భివండీలో ఒంటరిగా నుండు కార్మికుడు వండుకొనడు, బిస్సీలో తినును. బిస్సీ యనగా ఒక ఇల్లాలు తన ఇంట ఇరువది ముప్పదిమందికి రెండుపూటలు వండిపెట్టుట. ఈ పని చేయువారిలో మన తెలుగు ఆడపడుచులు చాలామంది గలరు. పగారు పడిన నాడు లెక్క తీరును, అంతవరకు అంతయు అరువే. ఆమెకు కిరాణా కొట్టులో అరువు, కార్మికునికి ఆమె వద్ద అరువు. సాంచా ఆగిన నాడు మీటరు లెక్క ఆగినది, పగారు ఆగినది, బిస్సీ బాకీ ఆగినది. మేము తిన్న బిస్సీ నడుపునామె ఏప్రిలు పదవ తేదీ వరకు వండినది. తరువాత ఒకపూట చేసినది. అటుపిమ్మట పుస్తెలతాడు కుదువబెట్టి బియ్యము తెచ్చినదని ఇరుగుపొరుగు చెప్పగా మాకు తెలిసినది, ఆమె చెప్పలేదు. మనవారు ఆ రోజులలో గదిలో ఉండగలిగినంత ఉన్నారంటే ఇటువంటి తల్లుల వలననే. కాని ఆజ్ఞను పాటించినవారి లెక్కలో వీరి పేరు ఎవ్వరును వ్రాయలేదు.

రేషను మాట అడుగుదురేమో. తెలంగాణా ప్రభుత్వము ఆ ఏప్రిలులో తెల్లకార్డు వారికి మనిషికి 12 కిలోల బియ్యము, కార్డుకు 1500 రూపాయలు ఇచ్చినది. ఇతర రాష్ట్రముల నుండి వచ్చి తెలంగాణాలో చిక్కుకొన్న కూలీలకు గూడ 12 కిలోల బియ్యము, 500 రూపాయలు ఇచ్చినది. మెచ్చదగిన పని. మనవాని కార్డు మాత్రము ఊరిలో ఉన్నది, మనిషి నిజాంపురాలో ఉన్నాడు. ఆ సహాయము వానికి అక్కడ అందలేదు. ఏ రాష్ట్రపు కార్డైనను ఏ రాష్ట్రములోనైనను చెల్లునట్లు 2021 జూలై 31 లోపల అన్ని రాష్ట్రములు ఏర్పాటు చేయవలెనని సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చినది. అప్పటికి ఏడాది దాటినది.

ఇప్పుడు అసలు సంగతికి వత్తుము. ఆ నాడు ఆజ్ఞ ఒక్కటి కాదు, రెండు. ఇంటిలో ఉండుమన్న ఆజ్ఞ అందరికిని తెలియును. మార్చి 29వ తేదీన అదే చట్టము క్రింద, అదే హోం శాఖ మరొక ఉత్తరువు చేసినది. మూతబడిన కాలమునకు యజమానులు జీతములలో కోత లేకుండ వేళకు చెల్లింపవలెననియు, కూలివారుండు ఇండ్లకు ఒక నెల అద్దె అడుగరాదనియు, ఖాళీ చేయుమని బలవంతపెట్టిన వారి మీద చర్య తీసుకొనబడుననియు అందులో ఉన్నది. ఈ కాగితమును మేము ఫోనులో చూచి, తెలుగున చదివి వినిపించితిమి. గదిలో అందరు నిశ్శబ్దముగా విన్నారు. ఒక కుర్రవాడు మాత్రము, "దీనికి లాఠీ ఎవరు పట్టుకుంటరు సార్?" అని అడిగినాడు. మేము జవాబు చెప్పలేకపోతిమి.

మా బావ పని చేయు కార్ఖానా సేఠు మొదటి వారము తలకొక అయిదు వందలు, ఒక బస్తా బియ్యము ఇచ్చినాడు. తరువాత ఫోను ఎత్తలేదు. ఖోలీ యజమాని అద్దెకు వచ్చినాడు. ఆ ఉత్తరువు మే 18 నుండి చెల్లకుండ పోయినది. జూన్ 12న సుప్రీంకోర్టు, జీతము లివ్వని యజమానుల మీద బలవంతపు చర్యలు వద్దనియు, ఇరుపక్షములు మాట్లాడుకొని తేల్చుకొనవలెననియు చెప్పినది. మీటరు లెక్కకు పని చేసి, చేతిలో నియామకపు కాగితము గూడ లేనివాడు ఎవరితో కూర్చుండి ఏమి తేల్చుకొనును?

సేఠులందరిని ఒకే త్రాట కట్టుట న్యాయము కాదు. ఆరు, ఎనిమిది సాంచాలు పెట్టుకొని, నూలు వర్తకుడు ఇచ్చిన భీములు నేసి ఇచ్చి, మీటరుకు ఇంతయని కూలి తీసుకొను చిన్న ఆసాములు ఎందరో గలరు. వారిలో మనవారును ఉన్నారు. కరెంటు బిల్లు, షెడ్డు అద్దె, బ్యాంకు కిస్తు ఆగవు. పైవాడు పాత బాకీ ఇవ్వడు. అట్టివాని నుండి రెండు నెలల జీతము పిండవలెనని మేమనము. ఆ భారము మోయగలవాడు ప్రభుత్వమే. కాని 2021 ఏప్రిలులో మహారాష్ట్ర మరల ఆంక్షలు విధించి, రిజిస్టరైన కట్టడపు పనివారికి, ఆటో నడుపువారికి, వీధి వర్తకులకు 1500 రూపాయల చొప్పున ప్రకటించినప్పుడు గూడ సాంచా కార్మికుడు ఆ వరుసలో లేడు. రిజిస్టరులో పేరు లేనివాడు సహాయమునకు కనబడడు, తప్పు పట్టుటకు మాత్రము కనబడును.

మా తప్పు ఒకటి చెప్పకుండ ఈ వ్యాసము ముగించుట ధర్మము కాదు. ఏప్రిలు చివర మా గదిలో ఒక కుర్రవానికి జ్వరము వచ్చినది. చెప్పవలెనని నియమము. మెట్రిక్యులేషను చదివి, పదునైదేండ్లుగా సంఘ కార్యదర్శిగా సర్క్యులర్లు చదివి వినిపించు మేమే "ఎవరికిని చెప్పవద్దు, రెండు రోజులు చూతము" అంటిమి. చెప్పినచో పదమూడుమందిని ఎక్కడికో తీసుకొని పోదురు, ఖోలీకి తాళము పడును, తిరిగి వచ్చునప్పటికి సామాను ఉండదు, సాంచా మీదికి మరొకడు వచ్చి ఉండును: ఇదియే అందరి భయము. మూడవ నాడు బిస్సీ నడుపునామె మా మీద కేకలు వేసి, పేటలో చిరకాలముగా వైద్యము చేయు డాక్టరును పిలిచినది. కుర్రవాడు కోలుకొన్నాడు. పదిరోజుల తరువాత ప్రక్క ఖోలీలోని ఒక పెద్దాయన జ్వరముతో, ఆయాసముతో పోయినాడు. మా గది జ్వరమే అటు పోయినదా లేదా అని చెప్పగలవారు లేరు. మాకు ఆ లెక్క తీరలేదు.

ఈ భయము కొత్తది కాదు. 1896లో బొంబాయికి ప్లేగు వచ్చినప్పుడు, 1897 ఫిబ్రవరిలో ప్రభుత్వము అంటువ్యాధుల చట్టము చేసినది. 2020లో మన మీద ప్రయోగించిన చట్టములలో అదియు నొకటి. ఇండ్లు సోదా చేయుట, రోగిని ఎత్తుకొని పోవుట, సామాను తగులబెట్టుట ఆనాటి పద్ధతి. 1898 మార్చి 9న మదన్‌పురాలో జులాహా నేతవారి ఇంటిలో పండ్రెండేండ్ల పిల్లను తీసుకొని పోవుటకు ప్లేగు సిబ్బంది వచ్చినప్పుడు నేతవారు తిరుగబడిరి. కాల్పులు జరిగినవి, ప్రాణములు పోయినవి. వారును నేతవారే. అప్పుడును "మూర్ఖులు, మాట వినరు" అనియే వ్రాసిరి. కాని ఆ పిమ్మట ప్రభుత్వమే మెత్తబడి, ఆయా పేటల పెద్దల ద్వారా పని జరుపుటకు, కులముల వారు, మతముల వారు నడుపుకొను ఆసుపత్రులకు ఎడమిచ్చినది.

భివండీలోనూ అటువంటిదే కొంత జరిగినది. 2020 జూన్ 18 నుండి కార్పొరేషను మరల పదునైదు దినములు పట్టణము మూయించినది. ఇందిరాగాంధీ స్మారక ఆసుపత్రిని కరోనా రోగులకే కేటాయించినందున తక్కినవారికి దారి లేకపోయినది. ఆ కాలముననే శాంతినగరులోని మక్కా మసీదులో ఆక్సిజను పెట్టి, ఏ మతము వారైనను రావచ్చునని ఉచితముగా చికిత్స జరిపిరి. మా బావ ఫోనులో ఈ సంగతి చెప్పుచు, "ఆడికైతే మనోళ్ళు భయపడకుండ పోతున్నరు" అన్నాడు. తెలిసిన చోటు, తెలిసిన ముఖము.

అప్పటికి మేము ఊరు చేరియుంటిమి. మే మొదటి వారములో భివండీ రోడ్డు నుండి గోరఖ్‌పూరుకు శ్రామిక రైలు పోయినది. మేమెరిగిన తెలుగువారు మాత్రము పాసులు సంపాదించి, అప్పు చేసి, బస్సులలో, అద్దెబండ్లలో బయలుదేరిరి. మేమును అట్లే వచ్చితిమి. ఊరి పొలిమేరలో కంచె, చేతి మీద ముద్ర, పదునాలుగు దినములు ఇల్లు కదలరాదని ఆజ్ఞ. మాకు రెండు గదుల ఇల్లు, వెనుక దొడ్డి, దొడ్డిలో చేదబావి ఉన్నవి. భోజనము గడపలో పెట్టి పోవుటకు ఇంటివారున్నారు. ఆజ్ఞను తు.చ. తప్పక పాటించితిమి. ఊరివారు మమ్ము మెచ్చుకొన్నారు గూడ. నిజాంపురాలో జ్వరము దాచినది ఈ మనిషియే.

అందుచే సంఘమునకు మా మనవి. వలస పోయిన మన సభ్యుల ఖోలీల జాబితా ఒకటి తయారు చేయవలెను: ఏ సందు, ఎందరు, ఏ బిస్సీలో తినుచున్నారు, ఊరిలో ఎవరికి కబురు చేయవలెను. పొదుపు నిధిలో కొంత భాగము బిస్సీ నడుపు ఆడపడుచులకు హామీగా ప్రత్యేకించి ఉంచవలెను. సాంచాలు ఆగిననాడు మొదట ఆగకూడనిది వారి పొయ్యి. మరల ఎన్నడైన అట్టి ఆజ్ఞ వచ్చినచో, దానిని తెలుగున చదివి చెప్పుటకు పేట పేటకు ఒక మనిషిని ఇప్పుడే ఎంచుకొనవలెను. యజమానుల మీదనున్న ఆజ్ఞను గూడ అతడు చదువవలెను, అదే గొంతుతో.

మినిట్సు పుస్తకములో ఆ పెద్దల మాట చోట రెండు పంక్తులు ఖాళీ విడిచి పెట్టితిమి. వారు పలికిన మాట తప్పక ఎక్కింతుము, అది మా విధి. దాని క్రింద ఏమి వ్రాయవలెనో వచ్చు సమావేశములో సభ్యులు తేల్చి చెప్పవలెనని కోరుచున్నాము.