టీవీ కొనేముందు గోడ చూసుకోండి



ఖరీదైన టీవీ కొంటే పదేళ్లు చింత ఉండదన్న గత సంచిక వ్యాసంతో నేను ఏకీభవించలేను. మా మందమర్రిలో సింగరేణి బొగ్గు గనుల కార్మికులకు దసరాకు లాభాల వాటా, దీపావళికి బోనస్ చేతికొస్తాయి. కిస్తీల సౌకర్యం చూసి 65 అంగుళాల ఓఎల్‌ఈడీ టీవీ మీదకు మనసు పోయేది అప్పుడే. కానీ కంపెనీ క్వార్టర్ ముందుగదిలో కుర్చీకీ గోడకూ మధ్య 7 అడుగులుంటే గొప్ప. ఆ దూరానికి 43 అంగుళాలు చాలు. పైగా ఇంట్లో పొద్దస్తమానం నడిచేవి కేబుల్ సీరియళ్లు, వార్తలు. ఆ సిగ్నల్ 4కే కాదు. కాబట్టి తెర పెద్దదయ్యేకొద్దీ బొమ్మ మసకబారుతుంది.

అలాగని మరీ చవకదీ వద్దు. 1 జీబీ ర్యామ్ సెట్లు కొన్నాళ్లకే యాప్ తెరవడానికి ఆపసోపాలు పడతాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీలపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కాబట్టి మధ్యరకం టీవీ కొనడానికి ఇదే అదను.

కార్మిక సోదరులకు నా మనవి ఒక్కటే. షాపువాళ్లు తిప్పే రంగురంగుల డెమో వీడియో చూసి మురిసిపోకండి. మామూలు కేబుల్ ఛానెల్ పెట్టించి చూడండి. మంచిర్యాలలో సర్వీసు దొరుకుతుందో లేదో అడిగి తెలుసుకున్నాకే డబ్బు కట్టండి.

– ఒక పాఠకుడు, మందమర్రి, మంచిర్యాల జిల్లా