రెండు చక్రాలు... రెండు కోణాలు!

కారు మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు రెండూ ఒకే కోణంలో తిరుగుతాయనుకుంటాం. కానే కాదు! అలా తిరిగితే ఏదో ఒక టైరు రోడ్డును రాసుకుంటూ ఈడ్చుకుపోవాల్సిందే.

కళ్లంలో ఎడ్లను బంతి కట్టి తిప్పడం చూశారా? రాటకు దగ్గరున్న ఎద్దు చిన్న చుట్టు తిరుగుతుంది, చివరిది పెద్ద చుట్టు. కారుకూ అంతే. లోపలి చక్రం చిన్న చుట్టులో నడవాలి కాబట్టి ఎక్కువ తిరగాలి. ముందు వెనక ఇరుసుల మధ్య 2.4 మీటర్లు, ముందు చక్రాలు తిరిగే కీళ్ల మధ్య 1.2 మీటర్లు దూరం ఉందనుకోండి. మలుపు కేంద్రం పక్కకి 4 మీటర్లలో ఉంటే లోపలి చక్రం 31 డిగ్రీలు తిరగాలి. బయటిదానికి 25 చాలు.

ఈ తేడా రాబట్టే ఉపాయం కార్లకన్నా పాతది. గుర్రపు బగ్గీల కోసం దీన్ని కనిపెట్టింది మ్యూనిక్‌కు చెందిన లాంకెన్‌స్పెర్గర్. ఆయన తరఫున 1818లో లండన్‌లో పేటెంటు తీసుకున్నది ఆకర్‌మన్ అనే పుస్తకాల వ్యాపారి. పేరు మాత్రం ఏజెంటుకే దక్కింది!

చక్రాలను తిప్పే చిన్న చేతులను కాస్త లోపలికి వంచుతారు. వాటి గీతలను పొడిగిస్తే వెనక ఇరుసు మధ్యలో కలవాలి. కిటుకు ఇదే. స్టీరింగును ఇరుసుకు ముందు పెట్టుకోవాలని కుడి ఎడమ భాగాలను తారుమారు చేశారో... లెక్క తిరగబడి బయటి చక్రమే ఎక్కువ తిరుగుతుంది.

రిజిస్టరైన కారును కంపెనీ వివరాలకు భిన్నంగా మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కుదరదు. 2019లో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. కానీ 2007లో మొదలైన బాహా ఎస్ఏఈ ఇండియా పోటీల కోసం ఇంజినీరింగ్ విద్యార్థులు బండి మొత్తం తామే కడతారు. అక్కడ అసలు పరీక్ష పెట్టేది మలుపు కాదు, గుంత!

చక్రాన్ని పైనా కిందా పట్టుకునే చేతులు విష్‌బోన్లు. తిప్పే కడ్డీ టైరాడ్. చక్రం ఎగిరిపడినప్పుడు మూడూ తలో వంపులో కదులుతాయి. టైరాడ్ పొడవో, చోటో మిగతావాటితో పొసగకపోతే అది చక్రాన్ని లాగుతుంది, లేదా నెడుతుంది. స్టీరింగ్ కదపకుండానే బండి పక్కకి తిరుగుతుంది! దీన్నే బంప్ స్టీర్ అంటారు. ఇరుకు రోడ్డులో ఎదురుగా లారీ వస్తున్నప్పుడు ఇలా జరిగితే? పెద్ద కారు స్టీరింగ్ రాక్‌ను తెచ్చి చిన్న బండికి బిగించినప్పుడు ఎదురయ్యే చిక్కు ఇదే.

బండిని ముందునుంచి చూస్తూ రెండు విష్‌బోన్ల గీతలను పొడిగిస్తే ఎక్కడ కలుస్తాయో, టైరాడ్ గీత కూడా అక్కడికే చేరాలి. దాని లోపలి కీలు విష్‌బోన్ల లోపలి కీళ్ల వరసలో, బయటి కీలు బయటివాటి వరసలో ఉంటే సగం తలనొప్పి తగ్గినట్టే.

సరిచూడటానికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. బండిని స్టాండ్ల మీద నిలబెట్టి, స్ప్రింగు తీసేసి, స్టీరింగ్ కదలకుండా బిగించాలి. చక్రానికి ఒక చెక్క కట్టి, జాకీతో అంగుళం అంగుళం ఎత్తుతూ చెక్క ముందు కొసా వెనక కొసా ఎంత కదులుతున్నాయో టేపుతో కొలవాలి. రెండూ సమానంగా కదిలితే సరే. లేదంటే టైరాడ్ కీలు కింద వాషరు వేసి మళ్లీ కొలవాలి... తేడా పోయేదాకా!