ప్రకృతి వైద్యులకు పట్టిక యేది?

ప్రొద్దుటూరి పిల్లవాడొకడు హైదరాబాదునకు బోయి, గాంధీ ప్రకృతి వైద్య కళాశాలయందు నాలుగున్నర యేండ్లు చదివి, మరియొక యేడు ఆసుపత్రిలో శిక్షణపొంది, పట్టముతో తిరిగివచ్చె ననుకొందము. అదే వీధిలో పదిదినముల శిబిరమునకు బోయివచ్చిన మరియొకడును బోర్డు కట్టెను. ఇద్దరి పేర్లకు ముందును డాక్టరను మాటయే. పులివెందుల బస్సు దిగివచ్చిన రైతు వీరిలో చదివినవాడెవడో యెట్లు గుర్తించును?

ఈ వైద్యము తెలుగువారికి క్రొత్తది కాదు. జర్మనీదేశపు లూయీ కూనే గ్రంథమును ద్రోణంరాజు వేంకటాచలపతిశర్మగారు 1894లోనే తెనిగించిరి. హిందీ, ఉర్దూ చదువరులకు అది 1904లో గాని అందలేదు. పదియేండ్లు ముందుగా మేల్కొన్న మనము, వైద్యుని గుర్తించు విషయమున మాత్రము నిద్రించుచున్నాము.

శాసనముల మాట చూడుడు. చికిత్సాలయముల నమోదుకై 2010లో పార్లమెంటు చేసిన చట్టము ప్రకృతి వైద్యమును గుర్తింపుగల పద్ధతులలో చేర్చినది. 2020లో భారతీయ వైద్యపద్ధతులకు జాతీయ కమిషనును నెలకొల్పిన చట్టమో, ఆయుర్వేదము, యునాని, సిద్ధ, సోవా రిగ్పాలను చేర్చుకొని దీనిని గడపవెలుపల నిలిపినది. సోవా రిగ్పా యనగా టిబెట్టు వైద్యము. దానికి చోటు దొరకుట మాకు సంతోషమే. కాని ఆయుష్ అను మంత్రిత్వశాఖ పేరులోనే యక్షరము సంపాదించిన యోగమునకును, దాని తోడిదగు ప్రకృతి వైద్యమునకును చోటులేకుండుట యెట్టి న్యాయము? కొన్ని రాష్ట్రములు తమతమ పట్టికలు పెట్టుకొన్నవి. దేశమంతట చెల్లునట్టి, పార్లమెంటు చట్టబలముగల పట్టిక మాత్రము లేదు.

"మట్టికిని, నీటికిని, ఎండకును లైసెన్సేమి?" యని కొందరు మిత్రులు నవ్వుచున్నారు. తొట్టిస్నానము తనకై తాను చేయువాని నెవ్వ రాపెదరు? మా వృత్తిలోను తన వ్యాజ్యమును తానే వాదించుకొనవచ్చును. పరుని పక్షమున నిలుచుటకు మాత్రము 1961 నాటి న్యాయవాదుల చట్టము ననుసరించి పేరు పట్టిక కెక్కవలెను. పొలముగట్టు తగాదాకు కావలసిన జాగ్రత్త ప్రాణమునకు వలదా? గాంధీమహాత్ముడు 1946లో ఉరుళీకాంచనమున వైద్యము చేసినపుడు ఏ పట్టా చూపెనని యడుగుదురు. ఆయన రుసుము గొనలేదు. తన ప్రయోగములందలి పొరపాట్లను తానే అచ్చువేయించెను. అట్టివాడు బోర్డు కట్టినచో మేము నోరెత్తము.

నేడు కట్టుచున్నవారిలో వేరు రకమువారు కలరు. "మధుమేహము సమూలముగా పోవును, ఇన్సులిను మానుడు, ఉపవసింపుడు" అను మాట వినబడుచున్నది. బాల్యమునుండి ఇన్సులినుపై బ్రదుకువాడు దానిని మానినచో కొలదిదినములలోనే ప్రాణముమీదికి వచ్చును. మధుమేహమును మందుతో పోగొట్టుదుమని ప్రకటించుట 1954 నాటి చట్టముచే నేరము. మందే యీయ మనువాడు ఆ వల తప్పించుకొన జూచును. తానెరుగని పద్ధతిలో వైద్యము చేయువాడు వట్టి కపటవైద్యుడే యని సుప్రీంకోర్టు 1996లో పూనం వర్మ కేసున తేల్చినది. కాని నిజమైనవాని పేరుండు పుస్తకమే జనుల యెదుట లేనప్పుడు కపటి నెవరు పట్టుదురు? నష్టపడువాడు రోగి యొక్కడే కాదు. ఐదున్నర యేండ్లు ధారపోసిన ఆ పిల్లవాడును.

పార్లమెంటు 2020 చట్టమును సవరింపవలెను. అంతవరకు రాష్ట్రప్రభుత్వము దరఖాస్తుదారుల పట్టములు పరిశీలించి, నమోదైనవారి పేరు, కళాశాల, సంఖ్య అచ్చొత్తించి, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల గ్రంథాలయములకు పంపవలెను. ఆ కాగితము వచ్చువరకు, బోర్డు క్రింద నిలిచి "అయ్యా, తమరు చదివిన దే కళాశాల? తమ సంఖ్య యెంత?" అని యడుగుటకు పాఠకులు మొగమాటపడ నక్కరలేదు.