కారుకు మాఫీ.. ట్రాలీకి బాదుడేనా?

బండ్ల పన్ను మీద లొల్లి అంతా కార్ల సుట్టే తిరుగుతున్నది. 2024 జులైల యూపీ సర్కారు స్ట్రాంగ్ హైబ్రిడ్ కార్లకు రిజిస్ట్రేషన్ పన్ను మాఫీ జేసింది. మన సర్కారు అదే ఏడాది నవంబర్ 18 నుంచి కరెంటు బండ్లకు రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా తీసేసింది. గది 2026 డిసెంబర్ 31 దాకానే. హైబ్రిడ్‌కు ఇయ్యలే.

మరి హైబ్రిడ్‌కు గూడ ఇయ్యాల్నా? బ్రేకు కొట్టినప్పుడు వేస్టయ్యే శక్తిని హైబ్రిడ్ బ్యాటరీల దాస్తది. సుచిత్ర, కొంపల్లి ట్రాఫిక్‌ల పెట్రోలు మస్తు మిగుల్తది. శామీర్‌పేట దాటినంక రాజీవ్ రహదారి మీద ఒక్కతీరుగ పోతే అంత మిగలది. పైగా ఆ కార్లు పది లక్షల పైమాటే. ఆ మాఫీతోని మన ఊర్లకు ఒరిగేది తక్కువ.

మేడ్చల్ దిక్కు నుంచి బోయిన్‌పల్లి మార్కెట్‌కు కూరగాయలు మోసేది డీజిల్ ట్రాలీ. ఆ డీజిల్ మీద రాష్ట్రం వేసే వ్యాట్ 27 శాతం. కరెంటు గూడ్స్ ఆటోకు, ట్రాక్టర్‌కు గూడ మాఫీ ఉన్నది. గని చార్జింగ్ యాడ పెట్టాలె? సరుకు దించేలోపు బ్యాటరీ ఎక్కకుంటే ఆ రోజు కిరాయి పోయినట్టే.

తమ్మీ, లెక్క గిట్ల జూడాలె: ఏ బండికి మాఫీ ఇస్తే ఎన్ని లీటర్లు మిగుల్తయ్? దినాం తిరిగే ట్రాలీ, ఆదివారం తీసే కారు ఒక్కటి కాదు. గడువు ముగిసేలోపు మార్కెట్ యార్డులల్ల చార్జర్లు పెట్టుమని అడగాలె. కాగితం మీది మాఫీతోని బండి నడువది.