ఆస్పత్రికి ఆలస్యం... తప్పు గర్భిణిదేనా?

"ఇంత ఆలస్యంగా తీసుకొస్తే మేమేం చేయగలం?" కాన్పు గది బయట తరచూ వినిపించే మాట ఇది. అనేవారి ఆవేదన నిజమే. కానీ అందులో ఒక తీర్పు కూడా ఉంది: ఆ ఇంటివాళ్లకు అవగాహన లేదని. ఆ తీర్పుతోనే నాకు పేచీ.

ప్రసూతి మరణాల వెనుక మూడు ఆలస్యాలు ఉంటాయని 1994లో థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు వివరించారు. ఆస్పత్రికి వెళ్లాలని నిర్ణయించుకోవడంలో ఒకటి, అక్కడికి చేరుకోవడంలో మరొకటి, చేరాక సరైన వైద్యం అందడంలో ఇంకొకటి. మన ప్రచారమంతా మొదటిదాని చుట్టూనే తిరుగుతుంది. నిజానికి ఈ మూడూ విడివిడి గదులు కావు. దారి ఎలాంటిదో, వెళ్తే అక్కడ ఎలా చూస్తారో తెలిసిన కుటుంబం ఆ లెక్కంతా వేసుకున్నాకే గడప దాటుతుంది.

అల్లూరి సీతారామరాజు జిల్లా కొండ గ్రామాలనే తీసుకోండి. రోడ్డు లేని చోట గర్భిణిని డోలీ కట్టి మోయాలి. వానాకాలం, అర్ధరాత్రి, మధ్యలో వాగు. తెల్లవారాక బయల్దేరుదాం అనుకోవడం అజ్ఞానమా? దిగువకు వచ్చాక "ఇంకా టైముంది, వెళ్లి రండి" అని ఒకసారి తిప్పి పంపితే, రెండోసారి నొప్పులు బాగా ముదిరే దాకా ఎవరైనా ఆగుతారు. తొలి కాన్పులో నొప్పులు గంటల తరబడి సాగడం మామూలే కాబట్టి వైద్యపరంగా ఆ సలహా ఒక్కోసారి సరైనదే. కానీ అది పక్క వీధి నుంచి ఆటోలో వచ్చినవారికి చెప్పాల్సిన మాట.

అలాగని ఆగడం వల్ల ముప్పు లేదనడం లేదు. కాన్పు తర్వాత తీవ్ర రక్తస్రావమైతే, చికిత్స అందకపోతే, రెండు గంటల్లోనే ప్రాణం పోవచ్చు. భరించలేని తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం వాపు అధిక రక్తపోటుకు, రాబోయే మూర్ఛకు సంకేతాలు కావచ్చు. ఇవి కనిపిస్తే నెలలు నిండాయా లేదా అని చూడకుండా వెంటనే బయల్దేరాలి.

అవగాహనే అసలు లోపమైతే ఈ అంకెలు ఇంత వేగంగా మారేవి కావు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆస్పత్రి కాన్పులు 2005-06లో 38.7 శాతం. 2019-21 నాటికి 88.6 శాతం. ఈ మధ్యకాలంలో జననీ సురక్షా యోజన డబ్బు వచ్చింది, 108 వచ్చింది, ఊళ్లో ఆశా కార్యకర్త వచ్చింది. వెళ్లే వీలు కలిగింది, వెళ్లారు.

మన్యంలోని సాలూరులో కొండ ప్రాంత గర్భిణుల కోసం వసతి గృహం పెట్టారు. కాన్పు తేదీకి ముందే దిగువకు వచ్చి ఉండొచ్చు. మంచి ఆలోచనే. అయితే ఇంటి దగ్గర పెద్ద పిల్లాడికి అన్నం ఎవరు పెడతారు, భర్త కూలి సంగతేమిటి అనే ప్రశ్నలు కొండ మీదే ఉండిపోతాయి. ఇక మూడో ఆలస్యం. ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాన్పు సమయంలో గర్భిణికి తోడుగా ఒక మహిళను ఉండనివ్వాలని కేంద్రం 2016లోనే చెప్పింది. అయినా తలుపు దగ్గరే ఆగిపోతున్న తల్లులు, అత్తలు ఇంకా ఉన్నారు. ఒంటరిగా కసుర్లు తిన్న మనిషి మళ్లీ ఆ తలుపు దాకా రావడానికి తొందరపడుతుందా?

తల్లి చనిపోతే ఆరోగ్య సిబ్బంది ఇంటికి వెళ్లి ఎక్కడ ఆలస్యమైందని అడిగి రాసుకునే పద్ధతి మన దగ్గర ఉంది. బతికి, బిడ్డతో ఇంటికి వెళ్తున్న తల్లిని కూడా డిశ్చార్జి రోజున అదే అడగొచ్చు: అమ్మా, ఎందుకు ఆగారు?