గిన్నెకి తూకం, ట్రక్కుకి రంగేనా?

స్టీలు గిన్నె కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? చేత్తో ఎత్తి చూస్తాం, వేలితో కొట్టి చప్పుడు వింటాం, అంచు పట్టుకుని నొక్కుతాం. తూకం ఎంతో, కిలో ఎంతో అడగనిదే డబ్బులు తీయం. మూడొందల గిన్నెకి ఇంత చూసే ఇంట్లో, లక్షలు పోసి ట్రాక్టరు ట్రక్కు కొనేటప్పుడు మాత్రం రంగు చూసి, ధర చూసి తెచ్చేసుకున్నాం. ఈ మాట ఆరేళ్ళుగా నా మనసులో ఉంది. ఇవాళ రాస్తున్నాను.

మాది గుండుగొలను. వరి చేలు, కొల్లేరు వైపు చేపల చెరువులు. ట్రక్కు లేకపోతే ధాన్యం మిల్లుకి చేరదు, తవుడు చెరువుకి చేరదు. అప్పుడు రెండు షెడ్లలో ధర అడిగారు మావారు. ఒకచోట 2,05,000, ఇంకోచోట 1,65,000. రెండో దానికి ఎర్రటి రంగు, పక్కల తామరపూలు, వెనక వేంకటేశ్వరస్వామి బొమ్మ. "అతుకులు ఎలా ఉన్నాయో చూశారా?" అని అడిగితే "ట్రక్కుల సంగతి నీకేం తెలుసే" అన్నారు. నేనూ ఊరుకున్నాను. నలభై వేలు మిగులుతున్నాయంటే నాకూ ఆశే. తాకట్టులో ఉన్న నా గాజులు విడిపించుకోవచ్చు కదా అనుకున్నాను. కాబట్టి తప్పంతా ఆయనదే అని రాయను.

రెండో వర్షాకాలానికి అడుగు రేకు సొట్టలు పడింది. రంగు పెచ్చులు లేస్తే కింద రెడ్ ఆక్సైడు పూతే లేదు. మూడో ఏడు నాట్లప్పుడు, ఆడవాళ్ళని చేలోంచి తీసుకొస్తుంటే చెరువుగట్టు మీద ముందు కొక్కెం దగ్గర అతుకు విడిపోయింది. ట్రక్కు ముక్కు నేలకి దిగబడింది. నిదానంగా వస్తున్నాం కాబట్టి సరిపోయింది. అయినా ఒకావిడకి మణికట్టు విరిగింది. ఆసుపత్రి ఖర్చు పెట్టాం, నాలుగు బస్తాల బియ్యం పంపాం. కానీ ఆ సీజనంతా ఆమెకి కూలి లేదు. మేము మిగుల్చుకున్న నలభై వేలకి ఆమె చెయ్యి హామీ పడిందన్నమాట. ఆ చెయ్యి చూసినప్పుడల్లా నా గాజులు నాకే బరువుగా ఉంటాయి.

ఆ మొదటి షెడ్డు ట్రక్కుని మా వీధిలోవాళ్ళు అదే ఏడు కొన్నారు. కొలతలు రెండిటికీ ఒకటే. మిల్లు కాటా దగ్గర ఖాళీ బరువులు తెలుసుకుంటే వాళ్ళది 1,550 కిలోలు, మాది 1,100. కాగితం మీద భాగించి చూశాను. వాళ్ళకి కిలో 132 రూపాయలు పడింది, మాకు 150. చవక అనుకున్నదే ఖరీదు!

ఇనుము ఎక్కడ తగ్గిందో కూడా లెక్క వేశాను. ఇనుము నీటికన్నా 7.85 రెట్లు బరువు. పదకొండడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు ఉన్న అడుగు రేకు ఒక్క మిల్లీమీటరు పల్చబడితే దాదాపు 48 కిలోలు తగ్గినట్టే. గేజి అంకె పెరిగినకొద్దీ రేకు పల్చన అని కూడా అప్పుడే తెలిసింది. పది గేజి మూడు మిల్లీమీటర్ల పైచిలుకు, పద్నాలుగు గేజి రెండే. అంకె పెద్దది కదా, రేకు మందమే అనుకునేదాన్ని.

అలాగని ధర ఎక్కువైతే గట్టిది అని కాదు. బరువున్నా అతుకు పచ్చిదైతే విడిపోతుంది. అందుకే రెండోసారి కొన్నప్పుడు రంగు వేయకముందే వెళ్ళి చూశాం. కొక్కెం దగ్గర, ఇరుసు దగ్గర అతుకు వరసగా నిండుగా ఉందా, చుక్కలు చుక్కలుగా పెట్టారా? రేకు గేజి, చానెల్ సైజు బిల్లులో రాస్తారా? వెనక లైట్లు, మెరిసే స్టిక్కర్లు ఉన్నాయా? మన ఊరు హైవే పక్కది. చీకట్లో ఆగిన ట్రక్కు వెనకొచ్చే లారీకి కనపడకపోతే ఎంత గట్టి ఇనుమైనా ఏం లాభం?

మా మామయ్యగారు గూడుబండి చేయించిన రోజుల్లో కర్ర తనే ఎంచి, వడ్రంగి పక్కనే కూర్చునేవారట. ఆయనకి ఇంజనీరింగు రాదు. అడగడం వచ్చు, అంతే.

"డబ్బు లేనివాళ్ళు చవకదే కొంటారు కదా" అంటారు. నిజమే. మేమూ అందుకే కొన్నాం. చేతిలో అంతే ఉంటే ఒక సీజను అద్దె ట్రక్కుతో గడపండి, లేదా గట్టి ఇనుమున్న పాతది చూడండి. కొత్త రంగు కోసం మాత్రం అప్పు చేయకండి.

ఇంకో మాట. ట్రక్కు సరుకుకి గాని మనుషులకి కాదు. చట్టమూ అదే చెబుతుంది. ఇప్పుడు నాట్లకొచ్చే ఆడవాళ్ళకి ఆటో కడుతున్నాం. ఆ ఖర్చు కూడా సాగు ఖర్చే అని రాసుకుంటున్నాం.

ఈసారి మీ ఇంట్లో ఎవరైనా "నీకేం తెలుసు" అంటే, "తూకం తెలుసు" అనండి. మనకి నిజంగానే తెలుసు.